ఖాళీ చేసి వెళ్లేవాళ్లు చెప్పే మాట

మా ఇల్లు హైదరాబాదులో వనస్థలిపురం వైపు ఉంది. కింద మేముంటాము, మొదటి అంతస్తులో రెండు పడక గదుల పోర్షను ఒకటి, రెండో అంతస్తులో ఒక్కొక్క పడక గది ఉన్న చిన్న పోర్షన్లు రెండు అద్దెకు ఇస్తాము. నాన్నగారు కింది భాగాన్ని 1991లో కట్టించారు, పై అంతస్తులు 2004లో వేయించారు. అప్పటి నుంచి మా ఇంట్లో 13 కుటుంబాలు అద్దెకు దిగాయి. పొద్దున పార్కులో నడిచే మిత్రుల్లో సగం మందికి ఇలాగే ఒకటో రెండో పోర్షన్లు ఉన్నాయి కాబట్టి, "మంచివాళ్లు దొరకడం లేదండీ" అన్న మాట వారానికి ఒకసారైనా వింటూనే ఉంటాను. మొదటి కొన్నేళ్లు నేనూ ఆ మాటే అన్నాను. అలా అనడం ఎప్పుడు, ఎందుకు మానేశానో వివరంగా రాయాలని చాలా రోజులుగా అనుకుంటున్నాను.

2009 వేసవిలో మొదటి అంతస్తు వాళ్లు ఖాళీ చేశారు. మూడేళ్లు ఉన్నారు, ఏ నెలలోనూ ఐదో తారీఖు దాటకుండా అద్దె ఇచ్చారు. నాన్నగారికి ఒంట్లో బాగుండకపోవడంతో ఆ లెక్కలు నేను చూశాను. అద్దె అప్పుడు 4,500 రూపాయలు, అడ్వాన్సు మూడు నెలలది. మా వైపు ఆచారం ప్రకారం రంగులకని ఒక నెల అద్దె పట్టుకున్నాను. వాష్‌బేసిన్ పగిలిందని మరో 800 పట్టుకున్నాను. ఆ పగులు వాళ్లు దిగకముందు నుంచే ఉందేమోనన్న అనుమానం నాకు లోపల ఉంది, అయినా పట్టుకున్నాను. ఆయన ఒక్క మాట అనలేదు. మిగిలిన డబ్బు లెక్కపెట్టుకుని, నమస్కారం చేసి, సామాను బండి వెనకాల స్కూటరు మీద వెళ్లిపోయారు. జూన్‌లో గేటుకు కట్టిన టు-లెట్ బోర్డు అక్టోబరు దాకా అలాగే వేలాడింది. చూసి వెళ్లినవాళ్లు చాలామంది, మళ్లీ వచ్చినవాళ్లు ఒక్కరూ లేరు. దసరా దాటాక వీధి చివరి కిరాణా కొట్టాయన, చెప్పాలా వద్దా అని కాసేపు తటపటాయించి, అసలు సంగతి చెప్పారు. ఇల్లు చూడటానికి వచ్చినవాళ్లు ముందు ఆయన కొట్టు దగ్గర ఆగి, ఓనరు ఎలాంటివారని అడుగుతున్నారట; అడ్వాన్సు సరిగ్గా తిరిగివ్వరన్న మాట మా పాత అద్దెదారు వెళ్లిపోయిన రోజే ఆ కొట్టుకు చేరిందట. 5,300 రూపాయలు పట్టుకున్నందుకు నాలుగు నెలల అద్దె, అంటే 18,000 రూపాయలు, పోగొట్టుకున్నాను. దానికంటే, ఆ కొట్టు ముందు నుంచి నడిచి వెళ్లడమే నాకు చాలాకాలం కష్టంగా ఉండేది.

అద్దె ఇల్లు చూసే పద్ధతిని అప్పటి నుంచి శ్రద్ధగా గమనిస్తున్నాను. పాతవాళ్లు ఇంకా సామాను సర్దుకుంటుండగానే కొత్తవాళ్లు చూడటానికి వస్తారు. యజమాని వాళ్లను హాల్లో నిలబెట్టి గాలీ వెలుతురూ ఎలా వస్తాయో, వాస్తు ఎంత చక్కగా కుదిరిందో చెబుతుంటాడు. వచ్చిన ఇల్లాలు ఈలోగా వంటగదిలోకి వెళ్లి, అట్టపెట్టెలో గిన్నెలు సర్దుతున్న ఆమెను గొంతు తగ్గించి రెండు ప్రశ్నలు అడుగుతుంది: నీళ్లు ఎలా వస్తాయి, వీళ్లు ఎలాంటివాళ్లు. ఇల్లు కుదిరేదీ తప్పిపోయేదీ ఆ వంటగదిలోనే. బోర్డు, బ్రోకరు, ఫోనులోని యాప్‌లు మనిషిని గేటు దాకా తీసుకురాగలవు. ఆపైన మాట్లాడేది ఖాళీ చేసి వెళ్తున్న మనిషి, ఆ మనిషికి ఇక మన మొహమాటం లేదు. ఈ సంగతి అర్థమయ్యాక, చూడటానికి వచ్చినవాళ్ల వెంట నేను పైకి వెళ్లడం మానేశాను. ఉన్నవాళ్లే చూపిస్తారు, వాళ్లు ఏం చెప్పదలచుకుంటే అది చెబుతారు.

ఆ రెండు ప్రశ్నల్లో నీళ్ల సంగతి ముందు చెబుతాను. మా వీధికి కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. మిగతా అవసరాన్ని బోరు తీరుస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో బోరు సన్నగిల్లితే ట్యాంకరు తెప్పిస్తాము. ఒకప్పుడు డాబా మీద 2,000 లీటర్ల ట్యాంకు ఒక్కటే ఉండేది, మాతో కలిపి నాలుగు ఇళ్లకూ అదే ఆధారం. ఎండలు ముదిరేసరికి ఎవరు ఎక్కువ వాడుతున్నారన్న అనుమానం మొదలయ్యేది; వాషింగ్ మెషీన్ ఉన్నవాళ్ల మీద లేనివాళ్లకు, చుట్టాలు వచ్చినవాళ్ల మీద రానివాళ్లకు కినుక. ఎవరూ ఎవరినీ ఏమీ అనకపోయినా, మెట్ల మీద ఎదురైనప్పుడు పలకరింపులు తగ్గిపోయేవి. 2012లో ఆ ట్యాంకు తీయించి, ఇంటికొకటి చొప్పున 500 లీటర్లవి నాలుగు పెట్టించి, పైపులు కూడా వేరు చేయించాను. మూడు నెలల అద్దె దానికి ఖర్చయింది. ఇంటికి వచ్చే నీళ్లు ఒక్క బిందె కూడా పెరగలేదు, ట్యాంకుల మొత్తం కొలతా మునుపటి 2,000 లీటర్లే. అయినా ఎవరి ట్యాంకు వాళ్లకు కనిపిస్తుండటంతో, ఎవరి వాడకం వాళ్ల చేతుల్లోకి వచ్చింది. ఆ తరువాత ఈ పన్నెండేళ్ల పైచిలుకు కాలంలో నీళ్ల గురించి మా మెట్ల మీద మాటా మాటా రాలేదు.

కరెంటు మీటర్ల విషయం కూడా ఇలాంటిదే. రెండు పోర్షన్లను ఒకే మీటరు మీద నడిపితే యూనిట్లు కలిసిపోయి పై శ్లాబులోకి వెళ్తాయి. శ్లాబు మారితే యూనిట్ ధరే మారుతుంది కాబట్టి, ఒక ఫ్యాను, రెండు లైట్లతో సరిపెట్టుకునే కుటుంబం కూడా ఏసీ ఉన్నవాళ్ల ధరలో బిల్లు కట్టవలసి వస్తుంది. తెలంగాణలో 2024 మార్చి నుంచి అమలవుతున్న గృహజ్యోతి పథకంలో, అర్హత ఉన్న కుటుంబం నెలకు 200 యూనిట్ల లోపు వాడితే బిల్లు కట్టనక్కరలేదు. అద్దెకున్నవాళ్లకూ ఇది వర్తిస్తుంది, కానీ వాళ్లకంటూ ఒక మీటరు ఉంటేనే ఆ మేలు వాళ్లకు సవ్యంగా అందుతుంది. రెండో అంతస్తులోని ఒక కుటుంబానికి అది అందింది. వాళ్లకు మిగులుతున్న ఆ మొత్తాన్ని చూసుకుని అద్దె పెంచమని సలహా ఇచ్చినవాళ్లున్నారు. ప్రభుత్వం ఆ కుటుంబానికి ఇచ్చినదాన్ని నేను తీసుకోవడం నాకు సమ్మతం కాలేదు.

ఇక రెండో ప్రశ్నకు, అంటే వీళ్లు ఎలాంటివాళ్లన్నదానికి, జవాబు ఎక్కువగా మరమ్మతుల దగ్గరే తయారవుతుంది. కుళాయి కారుతోందని చెప్పడానికి మూడుసార్లు మెట్లు దిగి రావలసి వచ్చిన ఇల్లాలు, నాలుగోసారి దిగిరాదు. వేరే ఇల్లు వెతకడం మొదలుపెడుతుంది. ఇప్పుడు మా మూడు పోర్షన్లలోనూ వంటగది అల్మారా తలుపుకు లోపలివైపు ఒక కాగితం అంటించి ఉంటుంది. ప్లంబరు, ఎలక్ట్రీషియను, మోటారు మెకానిక్ నంబర్లు, వాటి కింద ఒక వాక్యం: 1,000 రూపాయల లోపు పని అయితే నన్ను అడగకుండా చేయించుకుని, వచ్చే నెల అద్దెలో తగ్గించి ఇవ్వవచ్చు. ఈ మాట విన్న మిత్రులు నన్ను మందలించారు, అందరూ ప్రతి నెలా ఏదో ఒక ఖర్చు చూపిస్తారని హెచ్చరించారు. మొదటిసారి ఆ వెసులుబాటు వాడుకున్నది మొదటి అంతస్తులోని టీచరమ్మ. అద్దె ఇవ్వడానికి వచ్చినప్పుడు 350 రూపాయలు తగ్గించి, అరిగిపోయిన వాషరును, తుప్పు పట్టిన పాత కుళాయి పిడిని ఒక చిన్న ప్లాస్టిక్ కవరులో వేసి నా ముందు పెట్టారు. అక్కరలేదమ్మా అన్నాను. "లేదండీ, మీరు చూడాలి" అన్నారు. ఆ కవరు చాలా రోజులు నా బల్ల సొరుగులోనే ఉంది.

పెద్ద పనులు మాత్రం నావే. 2020 అక్టోబరు 13న హైదరాబాదును ముంచెత్తిన వానకు రెండో అంతస్తులో ఒక పడక గది శ్లాబు కారి, గోడ ఆరడానికి నెల రోజులు పట్టింది. ఉన్నది ఒక్క పడక గది, వాళ్లు నెలంతా హాల్లోనే పడుకున్నారు, కాబట్టి ఆ నెల సగం అద్దే తీసుకున్నాను. అదే ఏడాది ఏప్రిల్‌లో, లాక్‌డౌన్ కారణంగా మూడు నెలల అద్దె వసూలును వాయిదా వేయాలని రాష్ట్ర ప్రభుత్వం యజమానులను ఆదేశించింది. ప్రైవేటు బడిలో పనిచేస్తూ జీతం ఆగిపోయిన టీచరమ్మ విషయంలో మూడు నెలలు చాలలేదు, పది నెలలు పట్టింది. బాకీ అంతా తీర్చాకే ఆమె స్థిమితపడ్డారు. ఆ పది నెలల్లో నేను ఒక్కసారి కూడా అడగకపోవడం ఎలాగని మా ఇంట్లోవాళ్లే అన్నారు. ఆ వాషరు కవరును చూసిన కళ్లతో నేను అడగలేకపోయాను.

కేంద్ర మంత్రివర్గం 2021 జూన్‌లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం రాష్ట్రాలు తమ చట్టంగా తెచ్చుకుంటేనే అమలయ్యేది. అయినా అందులో రెండు నిబంధనలు నాకు నచ్చి, మా ఇంటి మటుకు పాటిస్తున్నాను. నివాస గృహానికి అడ్వాన్సు రెండు నెలల అద్దెకు మించకూడదన్నది ఒకటి, యజమాని లోపలికి రావాలంటే 24 గంటల ముందు తెలియజేయాలన్నది ఇంకొకటి. రెండో నియమం చిన్నదిగా కనిపిస్తుంది కానీ, అద్దెకున్న కుటుంబంలోని ఆడవాళ్లను అడిగితే దాని విలువ తెలుస్తుంది. మా ఇల్లే కదా అని మధ్యాహ్నం పూట తలుపు తట్టి, వంటగది గట్టు మీద మరకలు చూసి వ్యాఖ్యానించే యజమానుల గురించి నాకు వచ్చిన అద్దెదారులందరూ ఏదో ఒకటి చెప్పినవారే.

ఒప్పందం 11 నెలలకే రాయడం మన దగ్గర అలవాటు. ఏడాది దాటిన లీజును 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం తప్పనిసరిగా రిజిస్టరు చేయించాలి కాబట్టి ఆ అలవాటు వచ్చింది. దాన్నే పదకొండు నెలలకొకసారి మనిషిని మార్చమన్న ఆదేశంగా తీసుకున్న యజమానులు ఉన్నారు. స్టాంపు కాగితం మీద టైపు చేయించే ఇంగ్లీషు ఒప్పందాన్ని ఇచ్చేవాళ్లూ చదవరు, పుచ్చుకునేవాళ్లూ చదవరు. అందుకని దానికి తోడుగా తెలుగులో ఒక పేజీ రాసి ఇద్దరమూ సంతకం చేస్తాము. రెండేళ్లు దాటి ఉన్నవాళ్ల దగ్గర రంగులకు ఏమీ పట్టుకోనని, అంతకన్నా ముందే వెళ్తే అర నెల అద్దె పట్టుకుంటానని అందులో ఉంటుంది. తాళంచెవి ఇచ్చే రోజున ప్రతి గదినీ, ప్రతి కుళాయినీ, ఉన్న పగుళ్లతో సహా ఫోటోలు తీసి ఇద్దరి ఫోన్లలోనూ ఉంచుకుంటాము. వాష్‌బేసిన్ నేర్పిన పాఠం అది. వెళ్లే రోజున మీటరు రీడింగు చూసి, లెక్క చెప్పి, సామాను లారీ కదలకముందే మిగిలిన అడ్వాన్సు పంపించేస్తాను. రెండు రోజుల్లో పంపిస్తానన్న మాట ఎవరూ నమ్మరు, నమ్మకపోవడంలో తప్పు కూడా లేదు.

ఉద్యోగస్తులు మా ఇంటిని వెతుక్కుంటూ రావడానికి ఇంకో కారణం రసీదు. పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకు ఇంటద్దె మినహాయింపు కావాలంటే, ఏడాది అద్దె లక్ష దాటినప్పుడు యజమాని పాన్ నంబరు ఇవ్వాలి. పన్ను పడుతుందన్న భయంతో చాలామంది యజమానులు ఇవ్వరు. నిజానికి అద్దె ఆదాయంలో కట్టిన ఇంటి పన్ను తీసివేసి, మిగిలినదానిలో 30 శాతం నేరుగా మినహాయించాకే పన్ను లెక్క వేస్తారు. నాకు పడే ఆ కొద్దిపాటి పన్నుకంటే, నెల జీతం క్రమంగా వచ్చే మనిషి ఏళ్ల తరబడి ఉండటం ఎంతో లాభం.

అద్దె పెంచడం గురించి మిత్రులతో నాకు తరచూ వాదన జరుగుతుంది. ఏటా 10 శాతం పెంచాలని వాళ్లు, 5 చాలని నేను. మొదటి అంతస్తు అద్దె ఇప్పుడు 16,000. పది శాతం పెంచితే ఏడాదికి 19,200 అదనంగా వస్తుంది, ఐదు శాతమైతే 9,600. అంటే మా వాదనంతా ఏడాదికి 9,600 రూపాయల గురించి. ఆ పెంపు భరించలేక ఉన్నవాళ్లు వెళ్లిపోయి ఇల్లు ఒక్క నెల ఖాళీగా ఉంటే 16,000 పోతుంది. రంగులు, బ్రోకరుకు ఇచ్చేది, ఆ నెలలో పోర్షనుకు పడే కరెంటు ఛార్జీ, అన్నీ ఆపైన. ఆషాఢంలో ఖాళీ అయిందంటే శ్రావణం వచ్చేదాకా ఎవరూ దిగరు. పుష్యం, భాద్రపదం కూడా అంతే. పిల్లలున్న కుటుంబాలు మారేది బడులు మూసిన వేసవిలోనే కనుక, మా ఒప్పందాల గడువు వీలైనంతవరకు ఏప్రిల్, మే నెలల్లో ముగిసేలా మొదటిసారే సర్దుతాను. పంచాంగం చూడకుండా మన ఊళ్లో ఇల్లు అద్దెకివ్వడం కుదరదు. కొత్తగా దిగేవాళ్లకు పాలు పొంగించుకోవడానికి మంచిరోజు ఒకటో తారీఖునే రావాలని లేదు. ఇరవై నాలుగునో ఇరవై ఆరునో వస్తే తాళంచెవి ఆ రోజే ఇస్తాను, మధ్యలో రోజులకు అద్దె లెక్కకట్టను. ఖాళీగా ఉన్న ఇంట్లో ఒక పూట పొయ్యి వెలిగించుకుంటే నాకు పోయేదేమీ లేదు, వాళ్లకు అది ఆ ఇంటితో తొలి జ్ఞాపకం.

ఎవరికి ఇవ్వాలన్న విషయంలో నేను మానుకున్నది ఒకటి ఉంది. "మీరేమిట్లండీ?" అని కులం అడిగేవాళ్లం. నాన్నగారూ అడిగారు, నేనూ అడిగాను. ఆ ప్రశ్న వినగానే కొందరి ముఖాలు ఎలా మారేవో తలచుకుంటే ఇప్పటికీ బాధ కలుగుతుంది. ఆ ప్రశ్నకు వచ్చే జవాబుకూ అద్దె సమయానికి రావడానికీ, గోడలు శుభ్రంగా ఉండటానికీ ఏ సంబంధమూ ఉన్నట్టు ఇరవై ఏళ్లలో నాకు కనిపించలేదు. ఇప్పుడు ఎంతమంది ఉంటారు, బండ్లు ఎన్ని, పని ఎక్కడ, రాత్రి డ్యూటీలు ఉన్నాయా, ఇప్పుడున్న ఇల్లు ఎందుకు మారుతున్నారు అని అడుగుతాను. ఆధార్ ప్రతి తీసుకుంటాను. పాత యజమానికి ఫోన్ చేయవచ్చా అని అనుమతి తీసుకుని చేస్తాను. పెళ్లికాని ఆడపిల్లలకు ఇల్లివ్వవద్దని అందరూ చెప్పినా, రాత్రి డ్యూటీలు చేసే ముగ్గురు నర్సు అమ్మాయిలకు ఇచ్చాను. నాలుగేళ్లున్నారు. మా అమ్మకు బీపీ చూడటానికి వారానికి ఒకసారి వాళ్లంతట వాళ్లే దిగి వచ్చేవారు.

అమ్మ గురించి రాయకుండా ఈ విషయం పూర్తి కాదు. 2014 చలికాలంలో రెండో అంతస్తులో అద్దెకున్న ఆయన తల్లి, వైద్యం కోసం నల్లగొండ నుంచి వచ్చి, మా ఇంట్లోనే తెల్లవారుజామున పోయింది. అద్దె ఇంట్లో చావు జరిగితే ఏమవుతుందో ఈ నగరంలో అందరికీ తెలుసు. శవాన్ని లోపల ఉంచనివ్వరు, రోడ్డు మీద టెంటు కింద పెట్టుకుని కూర్చోమంటారు, ఆపైన ఇల్లు ఖాళీ చేయమంటారు. ఆయన నాలుగున్నరకు కిందికి వచ్చి గుమ్మం అవతలే నిలబడ్డాడు. "సార్, అంబులెన్సుకు ఫోన్ చేసిన, చీకట్లోనే ఊరికి తీస్కపోతం, మీకు ఇబ్బంది పెట్టం" అన్నాడు. ఏడవడానికి కూడా భయపడుతున్న మనిషిని నేను చూడటం అదే మొదటిసారి. నేనేదో అనేలోపే లోపలి నుంచి అమ్మ వచ్చింది. "చీకట్లో ఎక్కడికి తీసుకెళ్తావు నాయనా, మీవాళ్లు రావద్దూ? కిందికి తీసుకురండి, మన వరండాలో పడుకోబెడదాం. నేను నీళ్లు కాస్తాను" అంది. మెట్లు ఇరుకు కావడంతో నలుగురం దుప్పటిలో దించాము. మధ్యాహ్నం చుట్టాలందరూ వచ్చేదాకా ఆమె మా వరండాలోనే, అమ్మ వెలిగించిన దీపం పక్కన ఉంది. ఆ తరువాత శాంతి చేయించుకోమని పక్కింటివాళ్లు చెబితే, అమ్మ వరండా కడిగి ముగ్గు పెట్టుకుంది, అంతే.

ఆ కుటుంబం 2023లో సొంత ఫ్లాటు కొనుక్కుని వెళ్లేదాకా మా ఇంట్లోనే ఉంది. ఆ పోర్షనుకు అప్పటి నుంచి బోర్డు కట్టలేదు. ఇప్పుడున్నవాళ్లు, వాళ్లకు ముందు ఏడాది పాటు ఉన్నవాళ్లు, ఆయన పంపినవాళ్లే.

ఈ ఏప్రిల్‌లో టీచరమ్మ వాళ్లు ఖాళీ చేశారు; పెద్దబ్బాయి కాలేజీకి దగ్గరగా ఉండాలని మారుతున్నామన్నారు. ఆదివారం సాయంత్రం ఒక జంట చూడటానికి వచ్చింది. నేను కింద మొక్కలకు నీళ్లు పోస్తున్నాను, పైకి వెళ్లలేదు. వాళ్లు అరగంటకు పైగా పైనే ఉన్నారు. మధ్యలో టీచరమ్మ వాళ్లను డాబా మీదికి తీసుకెళ్లి ట్యాంకులు చూపిస్తున్న మాటలు వినిపించాయి. దిగివచ్చాక అద్దె ఏమైనా తగ్గిస్తారా అని అడుగుతారనుకున్నాను. ఆ అమ్మాయి అడిగింది వేరు: "అంకుల్, శుక్రవారం బాగుందంట. పాలు పొంగించుకుని, సామాను ఒకటో తారీఖున తెచ్చుకోవచ్చా?" టీచరమ్మ వాళ్లు గురువారం వెళ్లారు. మీటరు రీడింగు రాసుకుని, లారీ కదలకముందు వాళ్ల అడ్వాన్సు మొత్తం పంపించాను. శుక్రవారం పొద్దున వీళ్లకు తాళంచెవి ఇచ్చాను. శనివారం నుంచి రంగుల పని మొదలైంది.